నొప్పి తిరిగొచ్చిన సాయంత్రం

మా పెళ్లికి రాని చుట్టాలు కూడా నా నడుం నొప్పికి వచ్చారు. ఎవరూ ఉత్త చేతులతో రాలేదు. తలా ఒక వైద్యం వెంటబెట్టుకుని వచ్చారు. మా అమలాపురం చుట్టుపక్కల ఎవరికైనా నడుం నొప్పి అని తెలిస్తే చాలు, తమకు ఏ పద్ధతిలో తగ్గిందో మనకూ ఆ పద్ధతిలోనే తగ్గాలని పట్టుబడతారు. తగ్గకపోతే తప్పు మనదే అవుతుంది.

నేను లెక్కల టీచర్ని. అల్లవరం వైపు ఒక హైస్కూల్లో పదో తరగతికి చెబుతాను. ఇరవై ఏళ్లకు పైగా నిలబడే చెబుతున్నాను. కూర్చుని లెక్కలు చెప్పేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. బోర్డు మీద చెయ్యి ఆడకుండా పిల్లల బుర్రలోకి లెక్క ఎలా వెళుతుంది? ఈ మాట స్టాఫ్ రూములో చాలాసార్లు, చాలామంది మొహం మీదే అన్నాను. అందుకే నాకు నడుం పట్టేసినప్పుడు కొందరికి లోలోపల సంతోషం కలిగే ఉంటుందని నా అనుమానం.

కుచ్చిళ్లు దోపుకునే చోటికి సరిగ్గా వెనక, అడ్డంగా ఉండేది నొప్పి. మొదట్లో పీరియడ్ చివర్లో వచ్చేది. తర్వాత పీరియడ్ మధ్యలోకి జరిగింది. పోయిన ఏడాది వానాకాలానికి హాజరు వేసేలోపే వచ్చి కూర్చునేది. బోర్డు పై వరసలో రాయడానికి చెయ్యెత్తి కాస్త వెనక్కి వాలితే కళ్లు చీకట్లు కమ్మేవి. ముందుకు వంగి బల్ల మీద ఆనుకుంటే మాత్రం హాయిగా ఉండేది. చివరికి హెడ్మాస్టరుగారు బోర్డు పక్కన ఒక ప్లాస్టిక్ కుర్చీ వేయించారు. ఆయన మంచితనంతోనే వేయించారు, నాకు మాత్రం తల తీసేసినట్టయింది.

కుర్చీ సంగతి విని మా అత్తయ్యగారు ఒక దిండు తెచ్చి ఇచ్చారు. మెరూన్ రంగు వెల్వెట్ దిండు. రంగు వెలిసిపోయి ఉంది, మధ్యలో రెండు చోట్ల గుంటలు పడ్డాయి.

"ఎక్కడిదండీ ఇది?" అన్నాను.

"పాతదేలేమ్మా, మూల పడుంది. పట్టుకెళ్లు."

కూర్చోడానికి ఆ గుంటల వల్ల అంత సుఖంగా ఉండేది కాదు. దూది మళ్లీ కూరించకుండా అలాగే ఇచ్చేశారని కొంచెం సణుక్కున్నాను కూడా.

ఒక పెద్ద ఆసుపత్రిలో స్కానింగ్ తీయించాం. అక్కడి డాక్టరుగారు తెర మీద నా వెన్నుపూసలు చూపించి, డిస్కులు రెండు చోట్ల అరిగాయని, స్క్రూలు వేసి బిగిస్తే సరిపోతుందని అన్నారు. దసరా సెలవుల్లో ఆపరేషనుకు రోజు కూడా ఇచ్చారు. మళ్లీ ఎప్పటికి బోర్డు ముందు నిలబడగలనని అడిగాను. "ముందు ఆపరేషన్ కానివ్వండి, తర్వాత చూద్దాం" అన్నారు. ఆయన్ని తప్పు పట్టను. బొమ్మలో అరుగుదల ఉన్న మాట నిజమే. కానీ ఆ "చూద్దాం" నా చెవిలో ఉండిపోయింది. మర్నాడు స్కూల్లో సెలవు మాట చెబితే హెడ్మాస్టరుగారు ఎంతో మర్యాదగా, "మరి పదో తరగతి ఎవరికి ఇమ్మంటారండి?" అని అడిగారు. నొప్పికి ఏడవని దాన్ని, ఆ ప్రశ్నకి బాత్రూములోకి వెళ్లి ఏడ్చాను. ఆ తరగతిని ఆరో క్లాసు నుంచీ నేనే పెంచుకుంటూ వచ్చాను. వాళ్లని పరీక్ష గుమ్మం దాకా తెచ్చి వేరేవాళ్ల చేతిలో పెట్టడం నా వల్ల అయ్యే పని కాదు.

ఆపరేషన్ అనే మాట బయటికి పొక్కగానే చుట్టాల రాక మొదలైంది.

ముందుగా వచ్చింది అత్తయ్యగారి తమ్ముడు. నాకు బాబాయి వరస. రొయ్యల చెరువులు చేస్తారు. ఆయనకి నడుంలో మొదలై పిక్క దాకా లాగే నొప్పి ఉండేది. నడుంలో ఒక ఇంజక్షన్ చేయించుకున్నారు, తగ్గింది.

"కోతా లేదు, కుట్టూ లేదు. పొద్దున వెళ్లేను, మధ్యాహ్నానికి చెరువు గట్టు మీదున్నాను. సుగరు మాత్రం వారం పాటు పైకి లేచిందనుకో. అది పర్లేదు, కాకరకాయ తిన్నాను" అన్నారు.

ఆ వెంటే మా స్కూల్లో సోషల్ చెప్పే మేడమ్, రామచంద్రపురం ఆవిడ. ఆవిడకి కాలు మొద్దుబారిపోతే చిన్న గాటు పెట్టి, గొట్టం దూర్చి, డిస్కు ముక్క తీశారు. వేలి గోరంత మచ్చ నాకు చూపించడానికి స్టాఫ్ రూము తలుపులు వేయించింది.

"స్క్రూలేంటండీ, చోద్యం కాకపోతే! నన్ను మర్నాడే ఇంటికి పంపించేసేరు. మీరూ అదే చేయించుకోండి. ఆయ్, నేను చెప్తున్నాను కదండీ."

వీళ్లందరికంటే చవకైన వైద్యం మా అత్తయ్యగారి చర్చి స్నేహితురాలిది. ఎదురుకాళ్లతో పుట్టిన మనిషి కాలితో తంతే పట్టేసిన నడుం వదులుతుందని మా వైపు గట్టి నమ్మకం. ఈ మామ్మగారు అలా పుట్టినావిడ. మా చర్చిలో మూఢనమ్మకాల మీద ఎంత గట్టి ప్రసంగం జరిగినా, బయటికి రాగానే ఎవరో ఒకరు నడుం పట్టుకుని ఆవిడ పక్కన చేరతారు. "ఇది నమ్మకం కాదమ్మా, నరాల వైద్యం" అంటుందావిడ. నన్ను గుమ్మానికి అడ్డంగా బోర్లా పడుకోబెట్టి, తన ఎడమ కాలితో నడుం మీద మెల్లగా తన్నింది. చర్చికి వెళ్లే మనిషి కాలికి పసుపు రాసుకోకూడదు కాబట్టి పౌడరు రాసుకుంది. లేచాక ఎలా ఉందని అందరూ నా మొహంలోకి చూస్తుంటే, పెద్దావిడ కాలు నొచ్చుకుంటుందేమోనని "బాగుందండి" అన్నాను.

ఇంతమంది చెప్పింది వింటుంటే నాకు ఒక సందేహం గట్టిపడింది. వీళ్లెవరూ అబద్ధం చెప్పట్లేదు. నిజంగానే అందరికీ తగ్గింది. కానీ పక్కవాడి పేపర్లో జవాబు కరెక్టే అయినా, వాడిది వేరే ప్రశ్న అయితే మనకేం ఉపయోగం? ఏ పరీక్ష హాల్లోనైనా నేను పిల్లలకి చెప్పే మాటే ఇది. అందుకని మా వారిని తీసుకుని కాకినాడలో నొప్పులకే వైద్యం చేసే ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను.

నాకంటే చాలా చిన్నది. స్కానింగ్ తర్వాత చూస్తానని పక్కన పెట్టి, ముందు నన్ను లేపి నిలబెట్టింది. వంగమంది, వాలమంది. వెనక్కి వాలి ఒక పక్కకి తిరగమనేసరికి "అమ్మా" అని అరిచాను. మా వారు కుర్చీలోంచి లేచారు. ఆ అమ్మాయి మాత్రం కావలసింది దొరికినట్టు తలూపింది.

నేను చుట్టాల వైద్యాలన్నీ ఏకరువు పెట్టి, వీటిలో ఏది మంచిదని అడిగాను.

"అన్నీ మంచివేనండి. ఎవరిది వాళ్లకి. మీ బాబాయిగారిది కాల్లోకి దిగే నొప్పి. నరం మొదట్లో వాపు ఉంటే ఆ ఇంజక్షన్ దాన్ని తగ్గిస్తుంది. మీ సోషల్ మేడమ్‌కి డిస్కు ముక్క బయటికొచ్చి నరాన్ని నొక్కేసింది, ముక్క తీసేసరికి సుఖపడ్డారు. మీ నొప్పి అసలు నడుం దిగట్లేదు కదండీ. వంగితే హాయి, వాలితే నొప్పి. వెన్నుపూసల వెనకాల చిన్న చిన్న కీళ్లుంటాయి. నా అనుమానం వాటి మీద."

"మరి బొమ్మలో డిస్కులు అరిగేయి కదమ్మా?"

"మీ వయసులో ఏ నొప్పీ లేనివాళ్లకి తీసినా అరుగుదల కనిపిస్తుందండి. అరిగినదే నొప్పి పెడుతోందో లేదో బొమ్మ చెప్పదు. అది తేల్చడానికి ఒక పరీక్ష ఉంది. ఆ కీళ్ల నుంచి నొప్పి కబురు మోసే సన్నటి నరాల దగ్గర కొంచెం మత్తుమందు వేస్తాను. మీ నొప్పి అక్కడిదే అయితే కొన్ని గంటలు పోతుంది. మందు దిగిపోయాక తిరిగి వచ్చేస్తుంది. తిరిగొస్తే కంగారు పడొద్దు. ఇది వైద్యం కాదండి, ఒట్టి పరీక్ష. ఆ కాసేపూ మీకు నొప్పి తెప్పించే పనులే చేసి చూడండి."

అది తేలితే, ఆ సన్నటి నరాలకి సూది మొనతో వేడి పెట్టి నొప్పి కబురు ఆపొచ్చని, అది ఏడాదో అంతకంటే ఎక్కువో తక్కువో ఉంటుందని, నరం మళ్లీ పెరిగితే మళ్లీ చేయొచ్చని చెప్పింది. తేలకపోతే వేరే దారి చూడాలంది. అందరికీ పనిచేస్తుందని మాత్రం ఆ అమ్మాయి అనలేదు. నాకు నచ్చింది అదే.

పరీక్ష రోజు పొద్దున్నే వెళ్లాం. బోర్లా పడుకోబెట్టి, ఎక్స్‌రే మిషను కింద చూస్తూ సన్నటి సూదులు దింపింది. ఎదురుకాళ్ల మామ్మగారి కాలు గుర్తొచ్చి ఆ స్థితిలోనూ నవ్వొచ్చింది. కాసేపటికి లేచి నిలబడమంది.

నిలబడ్డాను. ఏమీ లేదు. వెనక్కి వాలాను. ఏమీ లేదు. ఇన్నాళ్లూ నాతోపాటే తిని నాతోపాటే పడుకున్న మనిషి చెప్పకుండా ఎటో వెళ్లిపోయినట్టుంది. తిరుగు ప్రయాణంలో యానాం వంతెన మీద కారు ఆపించి, రెయిలింగ్ దగ్గర నిలబడి గోదావరిని చూశాను. ఊరికే నిలబడడం అంత గొప్ప విషయమని నాకు అదివరకు తెలియదు. నా కళ్లలో నీళ్లు చూసి మా వారు కంగారుపడి, ఆ కంగారులోనే ఇంటికి ఫోన్ చేశారు.

ఆయన ఏ మాటైనా సగం చెప్పి మిగతా సగం లోపల ఉంచుకునే మనిషి. ఆ రోజు కూడా "అమ్మా, నొప్పి పోయిందే!" అని పెట్టేశారు. కొన్ని గంటలకే అనే ముక్క ఆయన నోట్లోనే ఉండిపోయింది.

మేం ఇల్లు చేరేసరికి వీధి గుమ్మం ముందు చెప్పులు. హాల్లో సోఫాలు గోడకి జరిపి చాపలు పరిచారు. వంటింట్లోంచి కోడికూర వాసన. పనసాకు బుట్టల్లో ఇడ్లీ పిండి పోసిన పొట్టిక్కలు ఆవిరి మీద ఉన్నాయి. మా ఇళ్లలో దేవుడు మేలు చేస్తే మర్నాటి దాకా ఆగే అలవాటు లేదు. సాయంత్రానికి కృతజ్ఞతా కూడిక పెట్టేశారు అత్తయ్యగారు. పాస్టరు అయ్యగారికి కబురు వెళ్లింది, స్త్రీల సమాజం మొత్తానికి వెళ్లింది.

"అత్తయ్యగారూ, ఇది ఒట్టి పరీక్షండి. సాయంత్రానికి మళ్లీ వస్తుందన్నారు" అన్నాను, వంటింటి గుమ్మంలో.

"నోటితో అలా అనకమ్మా. ఎంతమంది ప్రార్థన చేసేరో నీకేం తెలుసు." ఆవిడ మొహం వెలిగిపోతోంది. మోకాళ్లు అరిగి గోడ పట్టుకుని నడిచే మనిషి, గోడ వదిలేసి తిరుగుతోంది. ఇంకేం అనగలను?

డాక్టరమ్మ చెప్పినట్టు నా పని నేను చేసుకున్నాను. సుద్దముక్క తీసుకుని పెరటి గోడ మీద, చెయ్యి ఎంత ఎత్తు అందితే అంత ఎత్తు నుంచీ, వర్గ సమీకరణాలు రాసుకుంటూ పోయాను. వచ్చినవాళ్లందరూ చుట్టూ చేరారు.

"నా కాలు ఊరికే పోదమ్మా" అంది మామ్మగారు.

"ఇంజక్షనే కదా చేసేరు? నేను మొదట్నించీ అదే చెప్పట్లేదూ?" అన్నారు బాబాయిగారు.

"మిషను కింద చూసి చేసేరంటే మాదీ మీదీ ఒకటేనండి" అంది సోషల్ మేడమ్.

దీపాలు పెట్టే వేళకి కూడిక మొదలైంది. పాటలు అయ్యేదాకా నిలబడే ఉన్నాను. అయ్యగారు వాక్యం చెబుతుండగా, కుచ్చిళ్లకి సరిగ్గా వెనక, చిన్న సలుపు. అది కాదులే అనుకున్నాను. కాసేపటికి ఇంకొంచెం. వాక్యం ముగిసేసరికి పాత నొప్పి పాత చోటులోనే కుదురుగా కూర్చుంది. మొదట గుండె జారింది. తర్వాత డాక్టరమ్మ మాట గుర్తొచ్చి, నొప్పితో పళ్లు బిగించుకునే సంతోషపడ్డాను. దొరికింది. స్క్రూలతో పనిలేకుండా నా పదో తరగతి నాకు దక్కే దారి దొరికింది. నొప్పి వచ్చినందుకు మనిషికి సంతోషం కలుగుతుందని ఎవరైనా చెబితే అంతకుముందు నేను నమ్మేదాన్ని కాదు.

"ఇప్పుడు మన సహోదరి సాక్ష్యం చెబుతారు" అన్నారు అయ్యగారు.

నా మొహం చూసి మా వారికి అర్థమైపోయింది. చీర కొంగు లాగి, "ఈ పూటకి బాగుందని చెప్పెయ్. రేపు చూసుకుందాం" అని గొణిగారు.

చెప్పేయొచ్చు. కానీ స్వస్థత కలిగిందని ఇంతమంది ముందు సాక్ష్యం చెప్పాక, నన్ను మళ్లీ సూదుల బల్ల ఎక్కడానికి ఈ ఇంట్లో ఎవరు ఒప్పుకుంటారు? దసరా వచ్చేస్తుంది. నొప్పి భరించలేక చివరికి ఆ స్క్రూల రోజుకే వెళ్లి పడుకుంటాను. గోడ పట్టుకుని లేచాను.

"అందరికీ వందనాలండి. పొద్దున్న నా నొప్పి పోయింది. ఇప్పుడే తిరిగొచ్చింది."

ఎవరో "స్తోత్రం" అనబోయి మధ్యలో ఆపేశారు. మామ్మగారు తన కాలిని చీరలోకి లాక్కుంది. బాబాయిగారు ఫ్యాను వైపు చూశారు. అత్తయ్యగారి మొహం చూడడానికి నాకు ధైర్యం చాలలేదు. తరగతిలో చెప్పినట్టే చెప్పుకుంటూ పోయాను.

"ఇంట్లో ఏ స్విచ్ ఏ బల్బుదో తెలియకపోతే ఏం చేస్తామండి? ఒకటి ఆపి చూస్తాం. బల్బు ఆరిందనుకోండి, మళ్లీ వేసి చూస్తాం. వెలిగితే అదే దాని స్విచ్. ఇవాళ డాక్టరుగారు చేసింది అదే. ఆపితే ఆరింది, వేస్తే వెలిగింది. రెండేళ్లుగా ఎక్కడుందో తెలియని నొప్పి ఎక్కడుందో ఇవాళ తెలిసింది. ఇంకా తగ్గలేదండి. కానీ తగ్గే దారి తెలిసింది."

చాప మీంచి అత్తయ్యగారి గొంతు వినిపించింది.

"అంటే ఏంటమ్మా, దొరికినట్టేనా?"

"ఆయ్, దొరికిందండి."

ఆవిడ వంటింటి వైపు చూసింది. "అయితే దొరికినందుకే చెయ్యండి అయ్యగారూ ప్రార్థన. కోడికూర చల్లారిపోతోంది" అంది.

నవ్వులతో హాలు దద్దరిల్లింది. నొప్పి తిరిగొచ్చినందుకు దేవునికి స్తోత్రం చెల్లిస్తూ ప్రార్థన చేయాల్సి రావడం అయ్యగారికి కూడా కొత్తే అనుకుంటాను, మధ్యలో రెండుసార్లు తడబడ్డారు. ఆ పూట నేను నిలబడలేక, వెనక్కి వాలలేక, మంచం మీద పక్కకి తిరిగి పడుకుని పొట్టిక్కలు తిన్నాను. గుండె అంత తేలిగ్గా ఉండడం చాలా కాలం తర్వాత అదే మొదటిసారి.

నిర్ధారణకు డాక్టరమ్మ ఇంకోసారి పరీక్ష చేసింది. ఈసారి కూడా పోయి, తిరిగొచ్చింది. ఇక వేడి పెట్టడమే మిగిలింది. "నరం కాలుస్తారంటే కాళ్లు పడిపోవూ?" అని భయపడి అత్తయ్యగారు కూడా కాకినాడ బయల్దేరారు. కాళ్లని నడిపించే నరాలు వేరని, వేడి పెట్టే ముందు సూది వాటికి దగ్గరగా లేదని చూసుకుంటామని డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. అత్తయ్యగారు విని, "నీ చేతులు చల్లగా ఉండాలి తల్లీ" అని ఆ అమ్మాయి రెండు చేతులూ పట్టుకుంది. వేడి పెడుతున్నప్పుడు నాకు నడుం లోపల ఎక్కడో వెచ్చగా, బరువుగా అనిపించింది, అంతే. ఆ సాయంత్రమే ఇంటికొచ్చేశాం.

వెంటనే తగ్గిపోయిందంటే అబద్ధం. రెండు వారాలు నడుం ఎండలో కమిలినట్టు మంట పుట్టింది. డాక్టరమ్మ ముందే చెప్పినా నా బుద్ధి ఊరుకోలేదు, మా వారి మీద అరిచాను, కూరలో ఉప్పు మీద అరిచాను. తర్వాత మంట తగ్గింది. మంటతో పాటు ఏం తగ్గిందో మొదట గమనించనేలేదు. పడుకుని చేసే వ్యాయామాలు నేర్పారు, అవి మానకూడదన్నారు, మానలేదు. స్క్రూల ఆసుపత్రికి ఫోన్ చేసి నా రోజు ఇంకెవరికైనా ఇవ్వమని చెప్పాను. హెడ్మాస్టరుగారికి పదో తరగతి ఎవరికీ ఇవ్వొద్దని చెప్పాను. "ఎవరికి ఇస్తానండీ, అడిగితే అందరూ పారిపోయేరు" అన్నారాయన.

దసరా సెలవులయ్యాక ఒకరోజు వరసగా రెండు పీరియడ్లు త్రికోణమితి చెప్పాను. గంట కొట్టాక డస్టర్ పెడదామని పక్కకి తిరిగితే కుర్చీ నిండా నోట్సు పుస్తకాలు. దిద్దమని పిల్లలు తెచ్చి పెట్టినట్టున్నారు. ఎప్పటి నుంచి పెడుతున్నారో తెలియదు. నేను ఆ కుర్చీ వైపు చూసి ఎన్ని రోజులైందో కూడా తెలియదు. పుస్తకాలు ఒక్కొక్కటే దింపి బల్ల మీద పెట్టాను. ఈసారి బాత్రూములోకి వెళ్లకుండా బోర్డు ముందే నిలబడి ఏడ్చాను.

ఇంటికొచ్చి అత్తయ్యగారికి చెప్పాను. "మళ్లీ కూడిక పెడతారేంటండీ?" అని ఆట పట్టించాను.

"వద్దులేమ్మా, ఇంక నీ నడుం నువ్వే చూసుకో" అంది నవ్వుతూ. మళ్లీ తనే, "ఆ దిండు తెచ్చెయ్యమ్మా రేపు. నీకింక అక్కర్లేదుగా" అంది.

"ఆ పాత దిండెందుకండీ? మీకు కొత్తది కొంటాను."

"కొత్తది నా మోకాళ్లకి కుదరదమ్మా."

తెల్లవారుజామున ఆవిడ గది తలుపు వెనక నుంచి ప్రార్థన వినిపిస్తూ ఉంటుంది. అందులో నా పేరు వినిపించేది. తలుపు తీసి నేనెప్పుడూ చూడలేదు. దిండు మధ్యలో ఆ రెండు గుంటలు ఎందుకు పడ్డాయో నాకప్పుడు తెలిసింది. ఆ దిండు నాకిచ్చేసి, అరిగిన మోకాళ్లతో ఇన్ని నెలలూ ఆవిడ ఒట్టి గచ్చు మీద మోకరించింది.

మర్నాడు ఆటోలో ఆ దిండుని ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. దూది కూరించలేదు, ఉతకలేదు. సుద్దపొడి దులిపి, ఆవిడ మంచం పక్కన గచ్చు మీద పెట్టాను.